మా కర్రీ పాయింట్ పక్కన బ్రాందీ షాపు: తాగని మనిషి రాసిన రివ్యూ

రోజూ రాత్రి కొట్టు కట్టేసే వేళకి ఫోను అడుగుతోంది, ఫలానా వైన్స్‌కి వచ్చారు కదా, ఎలా ఉంది, ఎన్ని స్టార్లు ఇస్తారు అని. నేను రాలేదమ్మా అంటే వినదు. నా కర్రీ పాయింట్‌కీ ఆ షాపుకీ మధ్య అడ్డం ఉన్నది ఒక్క సెల్‌ఫోన్ రిపేరు కొట్టే. రోజుకి పది గంటలు ఇక్కడే ఉంటాను కాబట్టి దాని లెక్కలో నేను నెలకి ముప్ఫై రోజులూ బ్రాందీ షాపులో గడిపే మనిషిని. ఏడాది పైగా అడుగుతూనే ఉంది పాపం. రాసేద్దాం అనిపించింది.

మాది విజయవాడ. ఆటోనగర్‌కి పటమట వైపు ఉన్న సందుల్లో ఒక సందు. మావారు లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. నేను చుక్క కూడా నోట్లో వేసుకోలేదు. అయినా ఈ షాపు గురించి నాకు తెలిసినంత దానికి రోజూ వచ్చేవాళ్లకి తెలియదు. వాళ్లు వచ్చి రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోతారు. నేను నిలబడే ఉంటాను.

ముందు మంచి చెప్పేస్తాను, తర్వాత ఎలాగూ కుదరదు. షాపు శుభ్రంగా ఉంటుంది. లైట్లు బాగా వేశారు, బీరు ఫ్రిజ్ ఎప్పుడూ చల్లగానే ఉంటుందట. కౌంటర్లో కుర్రాళ్లిద్దరూ మర్యాదస్తులు, నన్ను పిన్నిగారూ అంటారు. ఎమ్మార్పీ మీద రూపాయి ఎక్కువ తీసుకోరు. చిల్లర లేకపోతే చాక్లెట్ చేతిలో పెట్టరు, ఆ పని నేను చేస్తాను. పొద్దున పదింటికి తెరిస్తే రాత్రి పదింటికి మూస్తారు. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. మా సందులో టైముకి నడిచేది అదొక్కటే. నీళ్లు కూడా అలా రావు.

చెడు కూడా అయిదు వాక్యాల్లో అయిపోతుంది. ఎదురు గోడ వాసన. రిపేరు కొట్టు మెట్ల మీద ఖాళీ గ్లాసులు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు సందు మొదట్లోనే సైకిళ్లు అటు తిప్పుకుని చుట్టూ తిరిగి వస్తున్నారు. పగిలిన సీసా నా కొట్టు ముందు వారానికి ఒకటి. ఊడ్చేది నేనే.

అసలు రాయాల్సింది ధర గురించి. నా కొట్టుకి కూరల కోసం వచ్చే పెద్దమనుషులందరూ ఒకటే మాట, "ధరలు పెంచి పారేస్తే వీళ్లే మానేస్తారమ్మా". ఆ మాట అన్నాయన దొండకాయ వేపుడు 25 నుంచి 30 చేశానని నాతో పది నిమిషాలు వాదించాడు. బ్రాందీ షాపు కౌంటరు దగ్గర బేరమాడిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఈ ఒక్క ముక్కలోనే సగం జవాబు ఉందనుకోండి, మిగతా సగానికి నా పద్దు పుస్తకం తీయాలి.

పెళ్లయిన దగ్గర్నుంచీ పద్దు రాస్తాను. పాలు, గ్యాసు, చీటీ, కరెంటు, చివర్లో 'ఆ.' అని ఒక గడి. ఆ. అంటే ఆయన. 2019 నాటికి ఆ గడిలో రోజుకి 110. ఒక క్వార్టర్. నెలకి 3,300. అప్పట్లో మా సందులో వేరే ప్రైవేటు షాపు ఉండేది, దాని వెనక కూర్చుని తాగే గది. 2019 అక్టోబరు 1 నుంచి షాపులన్నీ ప్రభుత్వం తీసుకుంది. దశలవారీగా మద్యనిషేధం అన్నారు, కూర్చునే గదులు తీసేశారు, రాత్రి ఎనిమిదింటికే షట్టరు. ముట్టుకుంటే షాక్ కొట్టేలా ధర పెడతామన్నారు అప్పటి ముఖ్యమంత్రి. నేను సంబరపడ్డాను, అబద్ధమెందుకు.

2020 మార్చిలో లాక్‌డౌన్. షాపు మూత. రెండో రోజుకే ఆయన చేతులు వణికాయి. నాలుగో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని అరచేత్తో తుడుస్తూ కూర్చున్నారు. చీమలు లేవు. ఆ వారమే టీవీలో చూపించారు, హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివాళ్లని వరసగా తెస్తున్నారని. రోజూ తాగే ఒళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయనీ, ప్రాణం మీదకి రావచ్చనీ, మందులిచ్చి ఆపించాలనీ నాకు తర్వాతెప్పుడో డాక్టరు చెబితే తెలిసింది. అప్పటికి నాకు తెలిసిన వైద్యం మజ్జిగ ఒక్కటే.

మే 4న షాపులు తెరిచారు, ధర 25 శాతం పెంచి. మర్నాడు ఇంకో 50. మొత్తం 75 శాతం. ఎండలో కిలోమీటరు క్యూ. ఆయన సంచి నెత్తిన వేసుకుని నాలుగు గంటలు నిలబడ్డారు. నా పుస్తకంలో ఆ. గడి 110 నుంచి 190కి ఎగిరింది. షెడ్డులో పని సగం రోజులే. సరే, ఇప్పుడు తగ్గుతుంది అనుకున్నాను. తెరిచి ఉన్న 28 రోజుల్లో ఆయన తాగనివి రెండు రోజులు. ఒక రోజు జ్వరం, ఒక రోజు మా మామగారి సంవత్సరీకం.

మరి పెరిగిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? అదీ పుస్తకంలోనే ఉంది. లీటరు పాలు అర లీటరైంది. చీటీ పాట కట్టడం మానేశాను. షెడ్డు ఓనరు దగ్గర అడ్వాన్సు. జూన్‌లో నా చెవి దుద్దులు తాకట్టు కొట్టుకి వెళ్లాయి. 190 కట్టింది ఆయన కాదు. పాపా నేనూ కట్టాం. తాగేవాడికి షాక్ కొట్టాలని తీగ పెట్టారు, అది ముట్టుకున్నది వంటింట్లో వాళ్లు.

అలాగని ధర ఎవరినీ ఆపలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆయనతో పాటు పెయింటింగ్ చేసే కుర్రాడొకడు ఉన్నాడు, అప్పటికి ఇరవై రెండేళ్లు, శనివారం కూలి లెక్క చూసుకుని వీళ్లతో కూర్చునేవాడు. ధర పెరిగిన నెలలోనే మానేశాడు. "అక్కా, 190 పెడితే బిర్యానీ వస్తుంది, కూల్‌డ్రింకుతో సహా" అన్నాడు. ఇప్పుడు వాడికి పెళ్లయింది, బాబు. వాడికి మందు ఒక సరదా, దాని ధర బిర్యానీ ధరతో పోల్చి చూడగలిగాడు. మావారికి 190 కూడా బియ్యం ఖర్చులాంటిదే. బియ్యం రేటు పెరిగిందని అన్నం మానేస్తామా?

ఆశ్చర్యంగా ఆయన నిజంగానే తగ్గించిన మూడు నెలలు ఉన్నాయి. ధర వల్ల కాదు. ఆ మే నెలాఖరుకి రాష్ట్రంలో షాపులు ఇంకో 13 శాతం తగ్గించి 2,934 చేశారు, పోయినవాటిలో మా సందు షాపు ఉంది. దగ్గరి షాపంటే ఒకటిన్నర కిలోమీటరు. షెడ్డు ఏడున్నరకి వదులుతారు, చేరేసరికి షట్టరు సగం దిగి ఉంటుంది. పైగా ఆ షాపుల్లో నోట్లే తీసుకునేవాళ్లు, ఫోనుతో కట్టే వీల్లేదు. జేబులో నోటు ఉండాలి, కాలికి ఓపిక ఉండాలి, గడియారం కలిసి రావాలి. జులైలో ఆయన తాగింది 19 రోజులు. ఆగస్టులో 21. నా పెళ్లయ్యాక ఆ గడిలో అన్ని ఖాళీలు ఎప్పుడూ లేవు.

సెప్టెంబరు సగానికి ఒక బండి షెడ్డు దగ్గరికే రావడం మొదలైంది. సీటు కింద సీసాలు. కోదాడ అవతల నుంచి తెచ్చిన తెలంగాణ సరుకు. ఇక్కడికంటే అక్కడ ధర తక్కువ, ఆ తేడాలోనే బండి పెట్రోలూ వాడి లాభమూ. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పట్టుకుంటూనే ఉన్నారని పేపర్లో రోజూ ఫొటోలు, సీసాల మీద రోడ్డు రోలరు ఎక్కించడం కూడా చూశాం. అయినా బండి వచ్చేది. ధర పెంచకపోతే ఆ బండికి పనేముంది? ఒక చేత్తో షాపు దూరం చేసి ఇంకో చేత్తో వాడికి వ్యాపారం పెట్టించినట్టయింది. అక్టోబరు నుంచి ఆ. గడి మళ్లీ నిండింది.

ఆ ఏడాదే, జులై ఆఖర్లో, ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అక్కడ కరోనా కట్టడి వల్ల షాపులు మూసి ఉన్నాయి, అందుకని మొత్తం ధర మీదకి తోసేయను. కానీ ఆ వార్త వచ్చిన రాత్రి మా ఇంట్లో ఉన్న చిన్న శానిటైజర్ సీసా బియ్యం డబ్బాలో దాచాను. సెప్టెంబరులో చౌక రకాల ధర కాస్త తగ్గించారు కూడా.

మా అమ్మ వాళ్లది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా వేలం పాటలు ఆపించినప్పుడు అమ్మ కూడా చీపురు పట్టుకుని వెళ్లిందట, అది తను చెప్పుకునే గొప్ప. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995లో మొత్తం నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఈ పద్దు చూపిస్తే అమ్మ ఒకటే అంది, "మేం రేటు పెంచమని అడగలేదే. మా ఊళ్లో వద్దన్నాం, అంతే."

మా పాప డిగ్రీలో ఎకనామిక్స్. తను ఇంటర్లో చదివిన డిమాండ్ వ్యాకోచత్వం నాకు అన్నం తినేటప్పుడు చెబుతుంది. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది, అవసరమైన వస్తువుకి మాత్రం తక్కువ తగ్గుతుందట. ఇంతకీ అవసరం అంటే ఎవరికి అవసరమో పుస్తకంలో లేదు. తనే ఒక రోజు స్కాట్లాండు కథ చెప్పింది. అక్కడ 2018 మే 1 నుంచి మందులో ఉండే ఆల్కహాలుని బట్టి ఒక యూనిట్‌కి, అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలుకి, 50 పెన్నీల కంటే తక్కువకి అమ్మకూడదని కట్టడి పెట్టారు. ఖరీదైనవి అలాగే ఉంటాయి, మరీ చౌకవి పైకి లేస్తాయి. కొన్నేళ్ల తర్వాత లెక్క చూస్తే, ఆ కట్టడి లేకపోతే పోయేవాళ్లతో పోలిస్తే మందు వల్ల చావులు 13.4 శాతం తగ్గాయట. 2024లో దాన్ని 65 పెన్నీలకి పెంచారు. అయితే అదే పరిశీలనలో ఇంకోటి కూడా ఉంది, దానికే నేను చెయ్యి కడుక్కోకుండా కూర్చుండిపోయాను. బాగా అలవాటు పడిపోయినవాళ్లలో తాగుడు తగ్గిన దాఖలా పెద్దగా కనపడలేదు, కొందరు తిండి ఖర్చూ కరెంటు బిల్లూ తగ్గించుకుని మరీ తాగారు. ఎక్కడి స్కాట్లాండు, ఎక్కడి మా అర లీటరు పాలు.

అంటే ధర పనిచేస్తుంది, పెయింటరు కుర్రాడి లాంటివాళ్ల మీద. జనంలో వాళ్లే ఎక్కువ, అందుకే కాబోలు మొత్తం లెక్కలో చావులు తగ్గాయి. మావారి లాంటివాళ్ల మీద అది వేరే రకంగా పనిచేస్తుంది. ఇంకోటి, స్కాట్లాండులో పక్క ఊరి తోటలో సారా బట్టీ ఉండదు కదా.

ఇప్పుడు ఈ షాపు సంగతికి వస్తాను, రివ్యూ దీనికే కదా. 2024 అక్టోబరు 16న తెరిచారు. రాష్ట్రమంతా లాటరీలో ప్రైవేటు వాళ్లకి ఇచ్చిన 3,396 షాపుల్లో ఒకటి. దరఖాస్తు పెట్టడానికే 2 లక్షలు, చీటీ తగలకపోయినా తిరిగిరావు. దాదాపు 90 వేల దరఖాస్తులు, ఆ రుసుమే 1,797 కోట్లు. షాపు తెరవకముందే ఇంత వస్తే, తాగుడు తగ్గాలని ఎవరైనా నిజంగా కోరుకుంటారా అని మా పాప అడిగింది. నేను పప్పు తాలింపు వేస్తున్నట్టు నటించాను.

ఈ షాపులో ముఖ్యమైన సరుకు 99 రూపాయల క్వార్టర్. నాణ్యమైంది చౌకగా ఇస్తే సారా జోలికి పోరని పెట్టారు. అందులో నిజం ఉంది. మా ఆడపడుచు వాళ్ల ఊళ్లో 99 వచ్చాక సారా కాసేవాడు చేపల చెరువు కాపలాకి వెళ్లిపోయాడు. 2025 ఫిబ్రవరిలో మిగతా రకాలకి సీసాకి పది పెంచినా 99 జోలికి, బీరు జోలికి పోలేదు.

కానీ నా పుస్తకం ఇంకో మాట చెబుతోంది. 99 వచ్చిన మొదటి నెల ఆయన మిగిలిన డబ్బు నాకే ఇచ్చారు, ఒక అరటిపళ్ల గెల కూడా తెచ్చారు. రెండో నెల నుంచి రెండు క్వార్టర్లు. 198. ధర పెరిగినప్పుడు తగ్గని మనిషి, ధర తగ్గగానే రెట్టింపు. ఇదేం లెక్క అని పాపని అడిగితే వ్యాకోచత్వంలో ఇలాంటిది తను చదవలేదంది.

ఆ 99 ఎంత పోతుందో నాకు చూడక్కర్లేదు, వినపడుతుంది. స్కానరు పక్కన పెట్టిన మాట్లాడే డబ్బా ప్రతి అమ్మకాన్నీ సందంతా వినేలా చెబుతుంది. ఒక శనివారం సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా వంకాయలు కోస్తూ లెక్కపెట్టాను. "తొంభై తొమ్మిది రూపాయలు అందాయి" అని 41 సార్లు. నోట్లు ఇచ్చినవాళ్లు వేరే. యాభై యాభై వేసుకుని వచ్చే కాలేజీ కుర్రాళ్లు కూడా ఉన్నారు. ఒకడు రూపాయి చిల్లర నా కొట్లో ఇచ్చి నిమ్మతొన ఉందా అని అడిగాడు. వాడి వయసుకి 190 అయితే బిర్యానీ గుర్తొచ్చేది.

నన్నడిగితే ధర పెంచమనే అంటాను, కింద నుంచి పెంచమంటాను. 99ని ఎత్తేయాలి. ఖరీదైనవాటికి పది కలిపితే కార్లలో వచ్చేవాళ్లకి తెలియను కూడా తెలియదు. కానీ పక్క రాష్ట్రంతో బోలెడు తేడా రాకూడదు, వస్తే ఆ సీటు కింద సీసాల బండి మళ్లీ వస్తుంది. పెంచిన డబ్బులో కొంతైనా మానిపించే ఆసుపత్రికి పోవాలి, ఖజానాలో కలిసిపోకూడదు. షాపు షెడ్డు నుంచి ఇంటికొచ్చే దారిలో ఉండకూడదు. ఇవన్నీ లేకుండా ఉత్త ధర ఒక్కటే పెంచితే మాత్రం నాకు చెప్పండి, ఈసారి దుద్దులు ముందే మా అమ్మ దగ్గర పెట్టుకుంటాను.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే ఈ రివ్యూ రాసే అర్హత నాకు లేదు. షాపు వచ్చాక నా గిరాకీ పెరిగింది. ఉడకబెట్టిన గుడ్లు రోజుకి నాలుగు ట్రేలు. వేరుశనగ గుగ్గిళ్లు, బోటీ వేపుడు అంతకుముందు నా కొట్లో లేవు, ఇప్పుడు అవే ముందు అయిపోతాయి. 2025లో పర్మిట్ రూములు, అంటే కూర్చుని తాగే గదులు, మళ్లీ వచ్చాక ఇంకా. పాప ఫీజు ఆ గుడ్ల మీదే కట్టాను. మా ఇంట్లో ఒక చేతి మీదుగా 198 అక్కడికి వెళ్లేది, ఇంకో చేతికి అక్కడి నుంచి గుడ్ల డబ్బులు వచ్చేవి. మా అమ్మ ఇది విని రెండు రోజులు మాట్లాడలేదు.

మావారు ఇప్పుడు ఎనిమిది నెలలుగా, ఒక్కసారి తప్ప, తాగడం లేదు. ధర కాదు, నేను తిట్టినందుకూ కాదు. ఒక రోజు వెల్డింగు చేస్తుంటే చెయ్యి వణికి బొటనవేలు కాల్చుకున్నారు. కట్టు కట్టించుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరమ్మ వేలు చూసి, నాలుక చూసి, పక్కనున్న, తాగుడు మానిపించే ఓపీకి పంపింది. పది రోజులు అక్కడే ఉంచి మాత్రలిచ్చి ఆపించారు. ఫ్రీ. చీమలు ఈసారి రాలేదు. మధ్యలో ఒకసారి జారారు, మేనల్లుడి పెళ్లిలో. మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ తిట్టలేదు, తేదీ మార్చి రాసుకుంది. ఆ. గడి కింద ఇప్పుడు బస్సు చార్జీలు రాస్తున్నాను.

సరే, స్టార్లు. శుభ్రతకి నాలుగు, మర్యాదకి అయిదు. ఎదురు గోడకి సున్నా. షాపు ఉన్న చోటుకి కొనేవాళ్లయితే అయిదిస్తారు, నేను ఒకటిస్తాను. ధరకి ఎన్నివ్వాలో ఫోనుకి చెప్పలేను, దాన్లో అలాంటి గడి లేదు.

సాయంత్రం ఏడున్నరకి ఆయన షెడ్డు నుంచి నేరుగా నా కొట్టుకి వస్తారు. స్టూలు వేసుకుని బ్రాందీ షాపుకి వీపు పెట్టి కూర్చుని రేపటికి ఉల్లిపాయలు తరుగుతారు. నా కొట్టుకీ మాట్లాడే డబ్బా ఉంది, రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఆడగొంతు. ముప్ఫై రూపాయలు అంటే నాది. తొంభై తొమ్మిది అంటే అటుపక్కది. ఆ మాట వినపడినప్పుడు ఆయన కత్తి ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత మళ్లీ తరుగుతారు.